విల్లు కొన్నాను, జింక వేటకు వెళ్లొచ్చా?

సందేహం: హెచ్‌-1బీ మీద టెక్సాస్‌లోని ఫ్రిస్కో వచ్చి ఏడాదైంది. ఆఫీసులో సగం మంది వేటగాళ్లే. అక్టోబర్‌లో నన్నూ రమ్మంటున్నారు. ఉత్సాహం ఆపుకోలేక కాంపౌండ్ బో (కప్పీలుండే ఆధునిక విల్లు) కొనేశాను. వీసాకి ఏమైనా ఇబ్బందా? ఇంకా ఏం నేర్చుకోవాలి?

జవాబు: వీసా సంగతి ముందు చూద్దాం. ఫెడరల్ చట్టం ప్రకారం విల్లు తుపాకీ కిందకు రాదు. హెచ్‌-1బీ మీద ఉన్నా కొనుక్కోవచ్చు, లైసెన్స్ తీసుకుని వేటాడొచ్చు. తుపాకీ అలా కాదు. నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్ల చేతిలో అది ఉండటమే నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది, కానీ టెక్సాస్ లైసెన్స్ ఏటా ఆగస్టు 31తో అయిపోతుంది. కొలీగ్ రైఫిల్ పట్టుకుని ఫొటో దిగే సరదా పుట్టినప్పుడు ఈ తేదీ గుర్తు తెచ్చుకోండి. వేట కేసే కదా, ఫైన్ కట్టేస్తే పోతుందిలే అనుకోవద్దు. రేపు సిటిజన్‌షిప్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ పడిందా అని అడుగుతారు.

మీరుండే చోటు ఒక రకంగా మీకు కలిసొచ్చింది. ఫ్రిస్కో చుట్టుపక్కల కాలిన్, డాలస్, రాక్‌వాల్, గ్రేసన్ కౌంటీల్లో జింకను విల్లుతోనో క్రాస్‌బోతోనో (ట్రిగ్గర్ నొక్కి వదిలే విల్లు) మాత్రమే కొట్టాలి. అలాగని ఇంటి వెనక గ్రీన్‌బెల్ట్‌లో జింక కనిపించగానే బాణం తీయకండి. కౌంటీ ఒప్పుకున్నా సిటీ ఆర్డినెన్స్ ఒప్పుకోకపోవచ్చు. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. మీ వయసువాళ్లు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. ఆర్చరీ సీజన్‌కి లైసెన్స్ మీద ఆర్చరీ ఎండార్స్‌మెంట్ (విల్లు వేటకు అదనపు అనుమతి) కూడా ఉండాలి.

కాగితాలు ఒక వీకెండ్ పని. చెయ్యి కుదరడానికి నెలలు పడుతుంది. బో ఆన్‌లైన్‌లో కొని ఉంటే ముందు ఆర్చరీ షాపుకి తీసుకెళ్లి డ్రా లెంగ్త్, అంటే నారి ఎంత దూరం లాగాలో ఆ కొలత, మీ చేతులకు సరిచేయించుకోండి. నారి లాగడానికి పట్టే బలాన్ని పౌండ్లలో చెప్తారు. 70 పౌండ్లు లాగుతున్నానని గొప్పలు చెప్పేవాళ్లు తగులుతారు, పట్టించుకోకండి. కుర్చీలో కూర్చుని, పాదాలు నేలకు ఆనించకుండా, విల్లును ఆకాశంవైపు ఎత్తకుండా నెమ్మదిగా లాగగలిగితే ఆ బరువు మీకు సరిపోయినట్టు. బ్రాడ్‌హెడ్ (బాణం కొసన ఉండే వేట ములుకు) పదునుగా ఉంటే ఇక్కడి వైట్‌టెయిల్ జింకకు 45, 50 పౌండ్లు చాలు.

సాయంత్రం యాభై బాణాలు వేస్తే చివరి ఇరవై అందరికీ బాగానే పడతాయి. అడవిలో మాత్రం మీకు దక్కేది మొదటి బాణమే. అందుకే ఆఫీసుకు బయల్దేరే ముందు, వార్మప్ ఏమీ లేకుండా, ఒక్క బాణం వేసి విల్లు లోపల పెట్టేయండి. నెల రోజులు ఆ ఒక్కటి ఎంత దూరం నుంచి తప్పకుండా పడిందో అదే మీ హద్దు. కొత్తవాళ్లకు అది 20 గజాలు దాటకపోయినా నామోషీ ఏమీ లేదు.

దూరం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మంచి కాంపౌండ్ బో బాణం సెకనుకి 280 అడుగుల వేగంతో వెళ్తుందనుకుందాం. శబ్దం వేగం 1,100 అడుగుల పైమాటే. 30 గజాల్లో ఉన్న జింకకు నారి చప్పుడు సెకనులో పదో వంతు లోపే వినిపిస్తుంది. బాణం చేరడానికి దాదాపు మూడో వంతు పడుతుంది. ఆ సందులో బెదిరిన జింక పారిపోవడానికి కాళ్లు మడిచి కిందకు కుంగుతుంది. గుండెకు గురిపెట్టిన బాణం వెన్ను పైభాగంలో దిగుతుంది. ఆ జింక వెంటనే చావదు, మీకు దొరకదు. మీ గురిలో తప్పు లేకపోయినా జరిగేది ఇదే.

బాణం వేయాలంటే జింక మీకు పక్కకు తిరిగి నిలబడాలి, లేదా కాస్త అవతలివైపు ఏటవాలుగా ఉండాలి. ముందుకాలు వెనక ఊపిరితిత్తులున్న చోటు తప్ప ఇంకెక్కడా కొట్టొద్దు. మీ వైపు ఎదురుగా చూస్తున్నా, తల ఒక్కటే కనిపిస్తున్నా, పరుగెత్తుతున్నా విల్లు దించేయండి. పక్కనున్నవాడు వెయ్యమని సైగ చేసినా సరే. చెట్టు మీద కట్టిన స్టాండ్‌లో కూర్చునేటట్టయితే హార్నెస్ (పడిపోకుండా కట్టుకునే పట్టీలు) పైకెక్కాక కాదు, నేల మీదే కట్టుకోవాలి. విల్లును తాడుతో తర్వాత పైకి లాక్కోండి.

మన ఇళ్లతో ఒక చిక్కుంది. పోపు, అగరుబత్తి వాసన బట్టలకు పట్టేస్తుంది. వేట బట్టలు ఉతికి, మూత ఉన్న డబ్బాలో గరాజ్‌లో పెట్టుకోండి. ఎంత చేసినా గాలి మీ వైపు నుంచి జింక వైపు వీస్తుంటే ఆ రోజు ఆ చోట కూర్చోవడం దండగ.

బాణం తగిలాక వెంటనే దిగి పరుగెత్తకండి. నేల మీద రక్తం చూడండి. నురగతో లేత ఎరుపుంటే ఊపిరితిత్తులు. అరగంట ఆగి వెళ్తే చాలు. ముదురు ఎరుపైతే కాలేయం కావొచ్చు, కొన్ని గంటలు ఆగాలి. ఆకుపచ్చగా ఉండి కంపు కొడితే పేగులకు తగిలింది. ఆరేడు గంటలైనా దాని జోలికి పోకూడదు. తరిమితే మైళ్ల కొద్దీ పోతుంది. టెక్సాస్ ఎండకు ఈలోపు మాంసం పాడవుతుందనే టెన్షన్ నిజమే, అందుకే అసలు అలాంటి షాట్ తీసుకోకూడదు. జింక కంచె దాటి పక్కవాళ్ల స్థలంలో పడితే వాళ్లను అడిగాకే కాలు పెట్టాలి. కంచె మీద, చెట్ల మీద ఊదా రంగు గీతలుంటే ‘లోపలికి రావద్దు’ అని బోర్డు పెట్టినట్టే.

ప్రైవేట్ స్థలంలో జింకలను రప్పించడానికి మొక్కజొన్న ఫీడర్ పెట్టి కొట్టడం ఇక్కడ చట్టబద్ధం. అది వేటే కాదని వాదించేవాళ్లున్నారు. నాకు అభ్యంతరం లేదు. తెలిసిన దూరంలో, నింపాదిగా నిలబడిన జింక కొత్తవాడికి మేలు. నాకు నచ్చనిది ఎత్తయిన కంచెల మధ్య డబ్బు కట్టి కొట్టే రాంచ్‌లు. అక్కడి ధరల పట్టికలో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి రెండూ కనిపిస్తాయి. మన దగ్గర వాటిని కొడితే జైలే. ఇక్కడ వాటికి సీజన్ అంటూ కూడా లేదు, ఏడాది పొడవునా కొట్టొచ్చు. చట్టం తప్పు కాదన్నా నేను వెళ్లను, మీ ఇష్టం మీది.

జింక పడగానే కదిలించే ముందే లైసెన్స్‌లోని ట్యాగ్ తేదీతో సహా నింపి కట్టాలి. వెంటనే పేగులు తీసి ఐస్ మీద పెట్టండి. సీజన్‌లో కార్తీక మాసం వస్తుంది కాబట్టి ఇంట్లో ముందే మాట్లాడుకోండి, లేదంటే ఫ్రీజర్లో చోటు చూసుకోండి. కొవ్వు ఉండదు, కీమాకి బాగుంటుంది. వాట్సాప్ గ్రూపులో ‘పౌండ్ ఎంతకిస్తావ్ అన్నా?’ అని తప్పకుండా అడుగుతారు. వేటాడిన జింక మాంసం అమ్మడం నేరం, పెట్రోలు ఖర్చుకని తీసుకున్నా అమ్మినట్టే చూస్తారు. ఊరికే ఇచ్చేటప్పుడు వైల్డ్‌లైఫ్ రిసోర్స్ డాక్యుమెంట్ (మాంసం ఎవరు వేటాడింది, ఎవరికి ఇచ్చింది రాసే కాగితం) నింపి, సంతకం చేసి మాంసంతో పాటే ఇవ్వండి.