జపాన్ నుంచి ఏం తెచ్చుకోవాలి: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయిన నెల మా చెల్లి వాళ్ళింటికి టోక్యో వెళ్ళొచ్చిన సంగతి ఇక్కడ నాలుగు ముక్కలు రాశాను కదా, దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని నిజంగా అనుకోలేదు. చాలామంది అడిగింది ఏం చూశారని కాదు, ఏం కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎంత పడింది అని. మా చెల్లి వాళ్ళుండేది నిషి కసాయ్‌లో, టోక్యోలో మన ఇండియా వాళ్ళు ఎక్కువగా ఉండే ఏరియా అది, నేను రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ సూట్‌కేసు మూత పట్టక దాని మీద కూర్చోవాల్సొచ్చింది. అందుకే ఈసారి పేజీ మొత్తం షాపింగ్ ఉత్తరాలకే.

ప్రశ్న: మా అబ్బాయికి టోక్యోలో ఉద్యోగం వచ్చి ఏడాదైంది, మేమిద్దరం పది రోజులు ఉండొద్దామని వెళ్తున్నాం. వెళ్ళొచ్చిన వాళ్ళంతా అక్కడ ఏది చూసినా కొనాలనిపిస్తుంది, తీరా ఇంటికొచ్చాక షోకేసులో పడుంటుంది అంటున్నారు. మీరు తెచ్చుకున్న వాటిలో ఇవాళ్టికీ మీకు బాగా ఇష్టమైనది ఏది? (ఒక పాఠకురాలు, రాజమండ్రి)

జవాబు: కూరగాయల చాకు అండి. రెండో ఆలోచన లేకుండా చెప్తున్నా.

అసకుసా గుడికీ ఉయెనోకీ మధ్యలో కప్పబాషి అని ఒక వీధి ఉంది, గింజా లైన్ మెట్రోలో తవారామాచి స్టేషన్లో దిగితే ఐదు నిమిషాల నడక, వీధి మొదట్లో ఒక బిల్డింగ్ మీద తెల్ల టోపీ పెట్టుకున్న వంటాయన తల ఇంత పెద్దది కనిపిస్తుంది, అదే గుర్తు. దాదాపు 800 మీటర్ల పొడుగునా అన్నీ హోటళ్ళ వాళ్ళు వంటసామాన్లు కొనుక్కునే షాపులే. గిన్నెలు, గరిటెలు, హోటల్ అద్దాల్లో పెట్టే ప్లాస్టిక్ నూడుల్స్ నమూనాలు, ఇంక చాకులు. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు, అది చూసుకుని వెళ్ళండి.

నేను వెళ్ళిన చాకుల షాపులో పెద్దాయన ముందు అడిగింది ఎంతలో కావాలని కాదు. కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అని అడిగాడు, ఎందుకంటే కొన్ని చాకులకి ఒకవైపే పదును ఉంటుంది, ఎడమచేతి వాళ్ళకి విడిగా చేస్తారు. తర్వాత ఇంట్లో సాన పట్టుకుంటారా, వాడిన వెంటనే తుడుస్తారా అని అడిగాడు. మా చెల్లి అటూ ఇటూ తర్జుమా చేస్తూ ఉంటే ఆయన నా సమాధానాల్ని బట్టి ఒక్కొక్కటీ పక్కకి తీసేస్తూ ఆఖరికి మూడు మిగిల్చాడు. కార్బన్ స్టీల్ చాకు పదును బ్రహ్మాండంగా ఉంటుంది గానీ తడి తగిలితే తుప్పే, మన వంటింట్లో టమాటా, నిమ్మకాయ, చింతపండు చేతులు, కోసి సింకు పక్కన పెట్టి ఫోనెత్తితే అంతే సంగతులు. నేను స్టెయిన్‌లెస్‌దే తీసుకున్నాను. నకిరి అంటారు, కొస దేలి ఉండదు, పలకలాగా చదరంగా ఉంటుంది, అచ్చంగా కూరగాయల కోసం చేసింది. అన్నిటికీ ఒకటే కావాలంటే సాంతోకు అని అడగండి. నాది 11,000 యెన్‌లు, మన డబ్బుల్లో ఆరువేల పైచిలుకు. చాకుకి అంతా అని నేనూ అనుకున్నాను.

కొన్నాక పేరు చెక్కిస్తావా అని అడిగాడు. అమ్మ కోసం కొన్నాను కాబట్టి అమ్మ పేరు చెప్పాం. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, చాకుని చెక్క మీద పెట్టి, చిన్న ఉలి, చిన్న సుత్తి తీసుకుని టిక్ టిక్‌మని ఒక్కో గీతా కొట్టుకుంటూ పోయాడు, మూడు నిమిషాలు కూడా పట్టలేదు. అమ్మ పేరు ‘ల’తో మొదలవుతుంది, వాళ్ళ భాషలో లకీ రకీ ఒకటే అక్షరం, కాబట్టి చాకు మీద అమ్మ ‘ర’ అయిపోయింది. అమ్మ దాన్ని కుంకుమ చేతుల్తో తడిమి తడిమి చూసుకుంది.

మా అమ్మ యాభై ఏళ్ళు కత్తిపీట మీదే కోసిన మనిషండి. మోకాళ్ళు అరిగి కింద కూర్చోలేక, మామూలు చాకుతో కుదరక, కూర కోయడం ఇంక నావల్ల కాదమ్మా అని వదిలేసింది. ఇప్పుడు డైనింగ్ టేబుల్ దగ్గర కుర్చీలో కూర్చుని పావుకిలో దొండకాయలు ఒకే మందంలో చక్రాల్లా కోసి పెడుతుంది, వంకాయ తొక్క దగ్గర నలగదు, ఉల్లిపాయ కోస్తే కళ్ళలో నీళ్ళు కూడా తక్కువే. పండగకి కోడలు కోస్తానన్నా ఇవ్వదు.

ఒక్క జాగ్రత్త. ఆ ఉక్కు బాగా గట్టిది, గట్టిది కాబట్టే పెళుసు. ఎముకలు, కొబ్బరి, ఫ్రీజర్లోంచి తీసిన గడ్డలు కొట్టారంటే అంచు చిట్లుతుంది. సాన రాయి కూడా అక్కడే కొనుక్కోండి, 1000 నంబరు రాయి ఇంటికి సరిపోతుంది. ఇంకోటి, చాకు ఖచ్చితంగా చెక్-ఇన్ లగేజీలోనే పెట్టాలి, హ్యాండ్‌బ్యాగులో ఉంటే ఎయిర్‌పోర్టులోనే వదిలేసి రావాల్సొస్తుంది.

చాకు తర్వాత నాకిష్టమైంది తెనుగుయ్ అనే గుడ్డ. పేరు వినగానే నాకు మన భాష పేరే వినిపించి కొన్నాను, తర్వాత దానికి బానిసనైపోయాను. పల్చటి నూలు గుడ్డ, 35 సెంటీమీటర్ల వెడల్పు, 90 పొడవు, మన తుండుగుడ్డకి తమ్ముడనుకోండి. రెండు కొసలా అంచు కుట్టరు, కత్తిరించి అలాగే వదిలేస్తారు. మొదట్లో నాలుగైదు ఉతుకులకి పోగులు ఊడతాయి, అయ్యో పాడైపోతోందని కంగారు పడకండి, ఊడిన పోగు కత్తిరిస్తూ ఉంటే కొన్నాళ్ళకి అదే ఆగిపోతుంది. మడత కుట్టు లేదు కాబట్టి తడి ఎక్కడా నిలవదు, మురికి పట్టదు, చిటికెలో ఆరిపోతుంది. మంచివాటికి రంగు గుడ్డకి అటూ ఇటూ దిగేలా పోసి అద్దుతారు, తిరగేసినా డిజైన్ ఒకేలా ఉంటుంది, కొనేటప్పుడు తిప్పి చూడండి, వెనక తెల్లగా ఉంటే అది పైపైన ప్రింటు. 1,000 నుంచి 1,500 యెన్‌లలో వస్తుంది. చేతులు తుడుచుకోడానికి, పెరుగన్నం బాక్సు చుట్టడానికి, ఎండలో తలకి, అన్నిటికీ నాకదే.

ప్రశ్న: ఆఫీసు పని మీద రెండు వారాలు ఒసాకా వెళ్తున్నాను అక్కా. మా టీమ్‌లో 32 మంది, అందులో పదిమంది దాకా ప్యూర్ వెజ్, గుడ్డు కూడా తినరు. కీచైన్లు తెస్తే ఎవరూ పట్టించుకోరు. ఏం తేవాలి? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, నీ సమస్య జపాన్ వాళ్ళు ఎప్పుడో తీర్చేశారు. ఊరెళ్ళి వచ్చినవాడు ఆఫీసుకి ఆ ఊరి మిఠాయి పెట్టె తేవడం అక్కడ ఆనవాయితీ, ఒమియాగే అంటారు. మనం తాపేశ్వరం వెళ్తే కాజా, ఆత్రేయపురం వెళ్తే పూతరేకులు, బందరు వెళ్తే లడ్డూ తెస్తాం చూడు, అక్కడా ఊరికో మిఠాయి, ఆ ఊరిదే తేవాలి. కాకపోతే వాళ్ళు పంచడానికి వీలుగా ఒక్కో ముక్కా విడిగా ప్యాక్ చేసి పెట్టెలో సర్దుతారు, పెట్టె మీద ఎన్ని ఉన్నాయో అంకె ఉంటుంది, 8, 12, 24 అలా. నీ టీమ్ లెక్క పెట్టుకుని కొనుక్కో. పెద్ద స్టేషన్లలోనూ, డిపార్ట్‌మెంట్ స్టోర్ల కింద బేస్‌మెంట్లోనూ ఇవే అమ్ముతారు.

గుడ్డు తినని వాళ్ళకి కష్టం ఇక్కడే. అందరికీ తెలిసిన టోక్యో బనానా స్పాంజ్ కేకు, గుడ్డు ఉంటుంది. హొక్కైడో వాళ్ళ షిరోయి కొయిబితో బిస్కెట్లలోనూ ఉంటుంది. నువ్వు ఒసాకాలో ఉంటావు కాబట్టి అరగంట రైల్లో క్యోటో వెళ్ళు, అక్కడ యత్సుహాషి దొరుకుతుంది, బియ్యప్పిండి, పంచదార, దాల్చినచెక్క, అంతే. మెత్తటి రకంలో తీపి ఎర్ర చిక్కుళ్ళ ముద్ద పెట్టి మడుస్తారు, మన బూరెలో పూర్ణంలాగా, కానీ అది వారం పది రోజులకి మించి నిలవదు. కాల్చిన గట్టి రకం నెలల తరబడి ఉంటుంది, అదే తీసుకో. బియ్యపు అప్పడాల్లాంటివి చూసి వెజ్ అనుకుని కొనకు, చాలావాటిలో రొయ్యో చేపో వేస్తారు. ఫోన్ కెమెరాతో లేబుల్ తర్జుమా చేసి గుడ్డు, జెలటిన్, చేప చూసుకో. డేటు వాళ్ళు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ వేస్తారు, తిరగేసి చదివి పొరబడకు.

ప్రశ్న: జపాన్ రైస్ కుక్కర్ చాలా బాగుంటుందంటారు, తెచ్చుకోవచ్చా? (ఒక పాఠకురాలు, నెల్లూరు)

జవాబు: అక్కడి కరెంటు 100 వోల్టులు, మనది 230. మా వదిన అంత దూరం నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన కుక్కర్ మొదటి రోజే ప్లగ్గు పెట్టగానే పొగ వచ్చి పోయింది, పాపం ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదు. మీరు మాత్రం 220-240 వోల్టులని కింద రాసున్న, బయటి దేశాలకని చేసిన మోడల్ దొరికితేనే కొనండి, టోక్యోలో కరెంటు సామాన్లకి పేరున్న అకిహాబారాలో టూరిస్టులకి అమ్మే షాపుల్లో ఉంటాయి. ఫోన్ చార్జర్ల లాంటి వాటికి ఈ బాధ లేదు, వాటి మీద 100-240 అని ఉంటుంది.

ప్రశ్న: కొకేషి బొమ్మలు ఫొటోల్లో చూస్తే అచ్చం మన ఏటికొప్పాక బొమ్మల్లా ఉన్నాయి. అంత డబ్బు పెట్టి కొనడం దండగేమో అని మావారు. మీరేమంటారు? (ఒక పాఠకురాలు, అనకాపల్లి)

జవాబు: మీది అనకాపల్లి కాబట్టి మీ కంటికే ఆ పోలిక ముందు ఆనింది. రెండూ చెక్కని లేత్ మీద తిప్పుతూ చేసేవే. మన వరాహ నది ఒడ్డున అంకుడు కర్రకి, అది తిరుగుతుండగానే రంగు కలిపిన లక్క అద్దుతారు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టి ఆ మెరుపొస్తుంది, 2017లో దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కొకేషి ఉత్తరాన తొహొకు ప్రాంతంలో వేడినీళ్ళ ఊటల ఊళ్ళలో పుట్టిన బొమ్మ. చేతులుండవు, కాళ్ళుండవు, గుండ్రటి తల, స్తంభంలాంటి ఒళ్ళు, కుంచెతో రెండు గీతల కళ్ళు. మియాగిలో నరుకో అని ఒక ఊరుంది, ఆ ఊరి బొమ్మ తల తిప్పితే కీచుకీచుమంటుంది, చంటిపిల్ల ఏడ్చినట్టు ఉంటుందంటారు. నేను నరుకో బొమ్మే తెచ్చి మన ఏటికొప్పాక బొమ్మల పక్కన పెట్టాను, మా ఇంటికొచ్చిన పిల్లలు దాని తలే తిప్పుతారు. కొనండి, దండగ కాదు. వెళ్ళేటప్పుడు మాత్రం అక్కడ మీకు ఆతిథ్యమిచ్చే వాళ్ళ కోసం నాలుగు ఏటికొప్పాక బొమ్మలు పట్టుకెళ్ళండి. మా చెల్లి పక్కింటావిడకి నేనిస్తే రెండు చేతుల్తో పుచ్చుకుని, ఎక్కడ తిప్పారు, ఏం కర్ర అని అడిగింది.

ప్రశ్న: పిల్లలిద్దరూ ఎనిమిదేళ్ళలోపు వాళ్ళు. కనిపించిన బొమ్మల్లా కొనమంటారు. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, వరంగల్)

జవాబు: దిగగానే వందయెన్‌ల షాపులో, టాక్స్‌తో 110, చెరో నోటుపుస్తకం కొనివ్వండి, గీతల్లేనిది. చాలా రైల్వే స్టేషన్లలో టికెట్ గేటు దగ్గర్లో ఒక బల్ల మీద రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడ్ పెట్టి ఉంటాయి, ఏ స్టేషన్‌కి ఆ స్టేషన్ బొమ్మ, పైసా తీసుకోరు. మా చెల్లి కొడుకు పుస్తకంలో నలభై దాకా ఉన్నాయి, ప్రతి పేజీకీ ఆ రోజు ఏం తిన్నాడో రాసుకున్నాడు. పెద్దవాళ్ళకైతే గుళ్ళలో ఇంకో పుస్తకం ఉంటుంది, గోషుఇన్ చో అని, మడతలు మడతలుగా తెరుచుకుంటుంది. 300 నుంచి 500 యెన్‌లు ఇస్తే ఆ గుడి పేరు, ఆ రోజు తేదీ కుంచెతో రాసి ఎర్ర ముద్ర వేసిస్తారు. ఆ రెండు పుస్తకాలూ కలిపేయకండి, మామూలు నోటుబుక్కులో గుడివాళ్ళు రాయరు, ముందు దండం పెట్టుకుని తర్వాత అడగడం మర్యాద.

ప్రశ్న: ఇనుప టీ కెటిల్ కొనాలని నా చిరకాల కోరిక. అలాగే పాస్‌పోర్ట్ చూపిస్తే టాక్స్ ఉండదట, నిజమేనా? (ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: కెటిల్ లోపలికి చూడండి ముందు. లోపల నల్లగా నున్నగా ఎనామిల్ పూత ఉంటే అది టీ పోసుకునే పాత్ర, పొయ్యి మీద పెట్టకూడదు, పూత పగులుతుంది. నీళ్ళు మరిగించుకోవాలంటే పూత లేని తెత్సుబిన్ అని అడగాలి, ఇవాతె ప్రాంతపు నాంబు ఇనుముకి పేరు. రేటు మూడు నాలుగు రెట్లుంటుంది, బరువూ ఎక్కువే, కిలోన్నర అలవోకగా తూగుతుంది, వాడాక నీళ్ళు ఒంపేసి వేడి మీదే ఆరనివ్వాలి.

టాక్స్ సంగతి నిజమే. మామూలుగా 10 శాతం, తినే వస్తువులకి 8. ఒకే షాపులో ఒకే రోజు టాక్స్ కాకుండా 5,000 యెన్‌లు గానీ అంతకు పైన గానీ కొంటే మినహాయింపు, పాస్‌పోర్ట్ అసలుది చూపించాలి, జిరాక్స్ పనికిరాదు. 2026 నవంబర్ 1కి ముందు వెళ్తే షాపులోనే తగ్గించేస్తారు, ఆ తేదీ తర్వాతైతే షాపులో టాక్స్‌తో సహా కట్టి, వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు చూశాక ఆ డబ్బు వెనక్కొస్తుంది. కాబట్టి కెటిల్ బిల్లు సూట్‌కేసు అడుగున పడేయకండి, పాస్‌పోర్ట్‌తో పాటే పెట్టుకోండి, ఎయిర్‌పోర్టుకి కూడా ఓ గంట ముందే చేరుకోండి.