హాంగ్ మ్యుంగ్-బో టైమ్‌లైన్‌లో 'కాంస్యం' ఎక్కడ పెట్టాలి?

దక్షిణ కొరియా ఫుట్‌బాల్ జట్టు మాజీ కెప్టెన్, తర్వాత కోచ్ అయిన హాంగ్ మ్యుంగ్-బో కెరీర్‌పై మీరు చేస్తున్న టైమ్‌లైన్ కుదరకపోవడానికి కారణం రెండు కాంస్యాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడమే. "2002లో కొరియా నాలుగో స్థానం, మరి కాంస్యం ఎలా వచ్చింది" అన్నారు కదా, అది జట్టు పతకం కాదు, ఆ వరల్డ్ కప్‌లో కెప్టెన్‌గా ఆడిన డిఫెండర్ హాంగ్‌కి విడిగా ఇచ్చిన కాంస్య బంతి (బ్రాంజ్ బాల్, టోర్నీలో మూడో ఉత్తమ ఆటగాడికి ఇచ్చేది) అవార్డు. జట్టు మాత్రం మూడో స్థానం మ్యాచ్‌లో టర్కీ చేతిలో 3-2తో ఓడింది.

ఇలా సరిచేయండి:

1. ముందు ఆటగాడు, కోచ్ అని రెండు వరుసలు చేయండి.

2. ఆటగాడి వరుసలో 1990, 94, 98, 2002 వరల్డ్ కప్‌లు. 2002లో స్పెయిన్‌పై క్వార్టర్ ఫైనల్ షూటౌట్‌లో చివరి పెనాల్టీ కొట్టి గెలిపించింది ఈయనే, అది తప్పకుండా రాయండి, డిఫెండర్‌కి అంతకంటే గొప్ప క్షణం ఏముంటుంది!

3. చాలామంది వదిలేసేది ఇదే: కోచ్ వరుసలో వయోపరిమితి ఉన్న జట్లనీ సీనియర్ జట్టునీ వేరు చేయాలి. 2009 అండర్-20 వరల్డ్ కప్‌లో క్వార్టర్ ఫైనల్ దాకా, 2012 లండన్ ఒలింపిక్స్‌లో జపాన్‌ని 2-0తో ఓడించి నిజమైన కాంస్య పతకం. ఒలింపిక్ జట్టు అంటే అండర్-23, ఆ వయసు పైబడిన వాళ్లు ముగ్గురి దాకానే ఉండొచ్చు. సీనియర్ జట్టు బాధ్యత 2013లో వచ్చింది, 2014లో గ్రూప్ దశలోనే ఇంటికి.

4. తర్వాత కోచ్‌గా ఉల్సాన్ క్లబ్‌తో 2022, 2023 కె లీగ్ (దక్షిణ కొరియా లీగ్) టైటిళ్లు, 2024లో మళ్లీ జాతీయ జట్టు బాధ్యత.