వాచ్‌మన్ యాస మీద నవ్వా?

తమ్ముడూ,

నీ వ్యంగ్య కథ చదివాను. వానకు సెల్లార్ మునిగిన రాత్రి అపార్ట్‌మెంట్‌లో జరిగిన లొల్లి బాగానే పట్టుకున్నావు. కానీ నవ్వొచ్చే చోట్లన్నీ వాచ్‌మన్ మల్లయ్య మాటలే. "మోటరు ఖరాబైంది సార్, నేనేం జెయ్యాలె" అంటే అందులో నవ్వడానికి ఏముంది? పాలమూరు నుంచి వచ్చి మెట్ల కింద గదిలో కాపురముంటున్న మనిషి. ఆ రాత్రి అందరికంటే ముందు మునిగింది అతని గదే. అది నువ్వే ఒక్క వాక్యంలో రాసి దాటేశావు. చెరువు శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, పిల్లర్లు లేపిన బిల్డరు, పర్మిషన్ ఇచ్చిన ఆఫీసరు కథలో ఎక్కడా లేరు. నాకు కోపం వచ్చింది అక్కడే.

వ్యంగ్యం పైవాడి మీదికే పోవాలి. రామదాసు గోల్కొండ చెరసాలలో మగ్గుతూ నిలదీసింది రాముణ్ణే. ఇన్ని నగలు చేయించి పెడితే ఎవరి సొమ్మని కులుకుతున్నావని అడిగాడు. కాపలా భటుడి జోలికి పోలేదు.

అయితే కోపం ఒక్కటే చాలదు, సంగతి తెలియాలి. 1897లో అచ్చయిన కన్యాశుల్కం ముందుమాట చూడు. విశాఖ జిల్లాలో మూడేళ్లలో 1,034 శుల్క వివాహాలు, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చిన పెళ్లిళ్లు, జరిగాయని గురజాడ లెక్క చెప్పాడు. ఆ పెళ్లికూతుళ్లలో ఏడాది పిల్లలు కూడా ఉన్నారు. అది తెలిసి రాశాడు గనకే లుబ్ధావధాన్లు పెళ్లి బేరం నవ్విస్తూనే కడుపులో దేవుతుంది. మీ అపార్ట్‌మెంట్ స్థలం పాత మ్యాపులో ఏమిటో, ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు, ఎక్కడ పోతుందో, నాలాను ఎటు మళ్లించారో నువ్వు కనుక్కున్నావా?

తెలంగాణ మాట కమెడియన్‌కో రౌడీకో అని సినిమాలు ఏళ్ల తరబడి నేర్పాయి. పత్రికలూ తక్కువ తినలేదు. రేషన్ బియ్యం పక్కదారి పట్టడం మీద నేను రాసిన వ్యంగ్యంలో ఒక ఎడిటర్ ఆఫీసరు ఊసంతా కొట్టేసి, క్యూలో నిలబడ్డ ముసలమ్మ యాస మాత్రం ఉంచాడు. అడిగితే "జనం నవ్వారుగా, ఇంకేం కావాలి" అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అద్దెకు డబ్బుల్లేని రోజుల్లో కూడా మళ్లీ ఆ పత్రిక గడప తొక్కలేదు.

కలం పేరు గురించి అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు కథ తిరగరాయి. మల్లయ్య మాటల్లో ఒక్క అక్షరం దిద్దకు. వాటికి జవాబు చెప్పాల్సిన బిల్డర్ని మీటింగుకు రప్పించు. అతనెలా తప్పించుకుంటాడో తెలియకపోతే మీ అసోసియేషన్ మినిట్స్ బుక్కు అడిగి తీసుకుని చదువు.