పాత వాచీలు, పాత కార్లు: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు నల్ల డయల్ హెచ్‌ఎంటీ పైలట్ కట్టుకునేవారు. అలాంటిదే కొందామని ఆన్‌లైన్‌లో చూస్తే నీలం, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో తళతళలాడుతూ కనిపిస్తున్నాయి. ఇవి అసలువేనా? కొనేముందు ఏం చూసుకోవాలి? (ఓ పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: ఆ తళతళే మొదటి అనుమానం. అలా అమ్మకానికి వచ్చేవాటిలో చాలావరకు పాత డయల్ గీకేసి, కొత్తగా రంగు వేసి, అక్షరాలు అచ్చు వేసినవే. లోపలి మెషిన్ హెచ్‌ఎంటీదే అయి ఉండొచ్చు. జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో హెచ్‌ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల తయారీ మొదలుపెట్టింది. పైలట్, జనతా వాచీల్లో ఉండే 0231 మెషిన్ ఆ సహకారంతో వచ్చిందే. అరుగుదల తగ్గించే 17 జ్యూయెల్స్ (చిన్న రాళ్లు), గంటకు 18,000 బీట్లు, అంటే సెకనుకు 5 టిక్కులు. మొండి మెషిన్. శుభ్రం చేసి నూనె వేస్తే దశాబ్దాల తర్వాత కూడా నడుస్తుంది. అందుకే మోసమంతా డయల్ మీదే జరుగుతుంది.

వాచీ రిపేరు వాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం ఒకటి కొనుక్కోండి. దానితో అక్షరాల అంచులు చూడండి. అసలు అచ్చు సన్నగా, తెగినట్టు ఉంటుంది. తిరిగి వేసినదాంట్లో సిరా పాకినట్టు కనిపిస్తుంది, నిమిషాల గీతలు అంకెలకు సూటిగా ఉండవు. తర్వాత ముళ్లు. చీకట్లో మెరిసే పూత అంకెల మీద గోధుమరంగుకు తిరిగి, ముళ్ల మీద పచ్చగా కొత్తగా ఉందంటే రెండిట్లో ఒకటి మార్చినదే. సెకన్ల ముల్లు నిమిషాల గీతల దాకా అందాలి. పొట్టిగా ఉంటే వేరే మోడల్‌ది తెచ్చి పెట్టారని అర్థం. అమ్మేవారిని వెనక మూత తీసిన ఫొటో అడగండి. స్క్రూల తలలు చితికిపోయి ఉంటే పనితనం తెలియని చేతులు పడ్డట్టే.

చేతికి వచ్చాక కీ పూర్తిగా ఇవ్వండి. బిగుతు తగలగానే ఆపాలి, బలవంతం చేస్తే స్ప్రింగ్ తెగుతుంది. టైము సరిచేసేటప్పుడు ముళ్లు కాస్త బరువుగా తిరగాలి. గాలిలో తిరిగినట్టు తేలిగ్గా తిరిగితే వాటిని పట్టి ఉంచే గొట్టం వదులైందన్నమాట. అప్పుడు వాచీ టిక్కుమంటూనే ఉంటుంది, టైము మాత్రం వెనకబడుతుంది. ఇది చిన్న మరమ్మతే, భయపడనక్కర్లేదు. సర్వీసు చేసిన 0231 రోజుకు అర నిమిషం అటూ ఇటూ నడిస్తే మంచి నడకే. ఉన్నట్టుండి రోజుకు ఐదు, పది నిమిషాలు ముందుకు పరుగెడితే మాత్రం అయస్కాంతం పట్టి ఉంటుంది. మొబైల్ కవర్ల అయస్కాంతాలు, స్పీకర్లు దీనికి కారణం. వాచీ నడకను అదుపు చేసే సన్నని చుట్ట స్ప్రింగ్‌ (హెయిర్‌స్ప్రింగ్) చుట్లు ఒకదానికొకటి అంటుకుని, అది పొట్టిదైనట్టు పనిచేస్తుంది. దిక్సూచి దగ్గర పెట్టి చూడండి, ముల్లు కదిలితే సందేహం తీరినట్టే. అయస్కాంతం పోగొట్టే డీమాగ్నెటైజర్ ఉన్న షాపులో నిమిషం పని.

హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. కాబట్టి విడిభాగాలు పాత నిల్వల నుంచో, మరో పాత వాచీ నుంచో రావాల్సిందే. మీరు కొంటే మచ్చలున్నా అసలు డయల్ ఉన్నదే కొనండి. నాన్నగారి వాచీ ఇంట్లో ఎక్కడైనా ఉంటే దాని డయల్ రంగు వేయడానికి ఎవరికీ ఇవ్వకండి, మెషిన్ మాత్రమే సర్వీసు చేయించండి. గీతలు పడ్డ ప్లాస్టిక్ అద్దాన్ని మెత్తటి గుడ్డ, కాస్త టూత్‌పేస్టుతో పది నిమిషాలు రుద్దితే చాలు. అది చేసినంత మేలు కొత్త రంగు చేయదు.

ప్రశ్న: మా ఆయన మణికట్టు సన్నం, చుట్టుకొలత 6 అంగుళాలు. షాపులో 44 మిల్లీమీటర్ల వాచీ చూపించి ఇదే ఫ్యాషన్ అంటున్నారు. (ఓ పాఠకురాలు, పటమట, విజయవాడ)

జవాబు: వద్దండీ. డయల్ వెడల్పు కంటే ముఖ్యమైన కొలత ఒకటుంది. స్ట్రాప్ తగిలించే కొమ్ములు పైనా కిందా ఉంటాయి కదా, ఆ చివర నుంచి ఈ చివరకు ఎంతుందో చూడాలి. అది మణికట్టు పైభాగం వెడల్పు దాటితే వాచీ అంచులు గాలిలో వేలాడతాయి, చొక్కా కఫ్ కింద దూరదు. వెడల్పు విషయానికొస్తే ఆయనకు 34 నుంచి 37 మిల్లీమీటర్ల లోపు వాచీ హాయిగా ఉంటుంది. మగవాళ్ల పాత వాచీలన్నీ దాదాపు ఆ కొలతవే. మన ఎండలకు తోలు స్ట్రాప్ రోజూ కడితే చెమటకు ఒక్క వేసవిలోనే కుళ్లుతుంది. మార్చి నుంచి జూన్ దాకా నైలాన్ స్ట్రాప్ వేయించండి. రాత్రి విప్పాక కీ చుట్టూ పొడిగుడ్డతో తుడవమనండి. తుప్పు ముందు అక్కడే మొదలవుతుంది.

ప్రశ్న: మాది 1980ల నాటి పెట్రోల్ అంబాసిడర్. మే నెలలో హైవే మీద బాగానే వస్తుంది. టీకి ఆపి పది నిమిషాల తర్వాత తీస్తే స్టార్టు కాదు. అరగంట ఆగితే మామూలే. కాయిల్ మార్చినా తగ్గలేదు. (ఓ పాఠకుడు, మంగళగిరి)

జవాబు: బండి ఆపగానే ఫ్యాన్ ఆగుతుంది, నీటి ప్రవాహం ఆగుతుంది, ఇంజిన్‌లోని వేడి మాత్రం పైకి ఎగదన్నుతుంది. పంపులో, పైపులో పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు గానీ ఆవిరిని తోయలేదు. ఇది అనుమానమే, ముందు రుజువు చూసుకోండి. ఈసారి ఆగినప్పుడు మొదట స్పార్కు చూడాలి. పెట్రోలు వాసన లేదని నిర్ధారించుకుని, ప్లగ్గు వైరును రబ్బరు పిడి ఉన్న పటకారుతో ఇంజిన్ లోహానికి 5 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. నీలం రంగులో గట్టిగా వస్తే కరెంటు సరే. పసుపుగా, నీరసంగా వస్తే డిస్ట్రిబ్యూటర్‌ పాయింట్లకు తగిలించే చిన్న భాగం, కండెన్సర్ మార్చండి. చాలామంది కాయిల్ మార్చి దీన్ని మర్చిపోతారు, వేడికి ముందు పోయేది ఇదే. స్పార్కు బాగుంటే తడిగుడ్డ పెట్రోలు పంపు మీద, పైపు మీద కప్పి ఐదు నిమిషాలు ఆగండి. స్టార్టయిందా, రోగం తెలిసినట్టే. వేడి ఇంజిన్ మీద పెట్రోలు పైపు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో విప్పకండి.

నయం చేయడం ఆటోనగర్‌లో ఒక పూట పని. సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కు (ఇంజిన్ నుంచి పొగ బయటికి వచ్చే వేడి గొట్టానికి) దగ్గరగా పోతున్న పెట్రోలు పైపును దూరం జరిపించండి. మధ్యలో రేకు అడ్డం పెట్టించండి. కార్బురేటర్ కింద వేడి ఎక్కనివ్వని బేకలైట్ దిమ్మ ఉందో లేదో చూపించండి. ఎప్పుడో విప్పినప్పుడు తీసి పారేసి ఉంటారు. మీది 1489 సీసీ ఇంజిన్ అయితే పాయింట్ల గ్యాప్ 0.015 అంగుళం, ప్లగ్గుల గ్యాప్ 0.025 అంగుళం పెట్టించి ఆ తర్వాతే టైమింగ్ (స్పార్కు పడే సమయం) చూడమనండి. టైమింగ్ వెనక్కి ఉన్నా ఇంజిన్ అనవసరంగా కాగుతుంది.

ఇంకో సంగతి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత బండ్ల రబ్బరు గొట్టాలు దానికి ఉబ్బి, మెత్తబడి, చివరికి పగులుతాయి. పంపులోని పలుచని పొర (డయాఫ్రం), కార్క్ గాస్కెట్లూ అంతే. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు అడిగి వేయించండి. వేసవిలో కారే పెట్రోలు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది, ట్యాంకులోని పాత తుప్పును కదిలిస్తుంది. కాబట్టి పంపుకు ముందు పారదర్శకమైన ఫిల్టర్ ఒకటి ఉంటే కంటితో చూసుకోవచ్చు. నెలకు మించి కదపకపోతే ట్యాంకు ఖాళీ చేయించండి.

ప్రశ్న: తాతగారి 1968 ఫియట్ 1100 ఉంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే మంచిదా? రంగు కూడా ఎరుపు వేయిద్దామని మా అబ్బాయి కోరిక. (ఓ పాఠకుడు, తెనాలి)

జవాబు: 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేయని బండి వింటేజ్ కిందకు వస్తుంది. పరివాహన్ పోర్టల్‌లో ఫారం 20తో, బీమా పత్రం, పాత ఆర్‌సీ జతచేసి దరఖాస్తు చేయాలి. ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరునే ఉంచుకోవచ్చు. చెల్లుబాటు పదేళ్లు. అయితే ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ర్యాలీ, ప్రదర్శన, మరమ్మతు, పెట్రోలు కొట్టించుకోవడం లాంటివాటికే రోడ్డెక్కాలి. ఆదివారం గుంటూరు పెళ్లికి ఫియట్‌లో వెళ్లాలనుకునేవారైతే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవడం మేలు.

రంగు విషయంలో మీ అబ్బాయి తొందరపడకూడదు. ముందు డిక్కీ లోపల, డాష్‌బోర్డు వెనక అసలు రంగు ఏదో చూడండి, అదే వేయించండి. అంతకన్నా ముందు పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని డోర్ల అడుగుభాగం మీద, చక్రాల పైన వంపుల మీద జరపండి. అంటుకోని చోటల్లా లప్పం పూసి కప్పెట్టారన్నమాట. అక్కడ తుప్పు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేయించి, ఎర్ర ఆక్సైడ్ ప్రైమర్ కొట్టాకే పై రంగు. లప్పం మీదే రంగు కొట్టిస్తే రెండో వానాకాలానికి బుడగలు లేస్తాయి.