మీ ప్రశ్నలు – మా జవాబులు: కంపెనీల పాత డ్రమ్ములు

ప్రశ్న: పైడిభీమవరం వైపు పాత సామాను కొట్టులో 200 లీటర్ల నీలం డ్రమ్ము చవగ్గా దొరికింది. ఎన్నిసార్లు సర్ఫుతో కడిగినా, ఎండలో పెడితే మళ్లీ ఘాటు వాసన వస్తోంది. తాగేనీళ్లు పట్టుకోవచ్చా అండీ?
– గృహిణి, రణస్థలం

జవాబు: వద్దమ్మా. బియ్యం పోసుకోవడానికీ వద్దు. ఈ డ్రమ్ములు హెచ్‌డీపీఈ ప్లాస్టిక్‌వి. టోలుయీన్ లాంటి సాల్వెంట్లు (వేరే రసాయనాలను కరిగించే ద్రవాలు) దాని గోడలోకే ఇంకిపోతాయి. సబ్బు పైపైనే కడుగుతుంది, ఎండ తగలగానే లోపలిది బయటికొస్తుంది. వాసన రానంత మాత్రాన మంచిదనీ కాదు, వాసన లేని విషాలు బోలెడు.

కొనేటప్పుడు లేబులు చూడండి. డైమండ్ ఆకారంలో పుర్రె, మంట లాంటి గుర్తులున్నా, ప్రమాదకర సరుకేదో చెప్పే నాలుగంకెల యూఎన్ నంబరున్నా (1294 అంటే టోలుయీన్, 1789 అంటే హైడ్రోక్లోరిక్ యాసిడ్) ముట్టుకోవద్దు. లేబులు గీకేసిన డ్రమ్మూ అంతే. ఊరికే ఎవరూ గీకరు. అడుగున త్రికోణంలో 2 అంకె చూపించి ‘ఫుడ్ గ్రేడ్’ అంటారు. అది ప్లాస్టిక్ రకం మాత్రమే, లోపల ఏం పోశారో చెప్పదు.

గ్లూకోజ్ సిరప్పో వంటనూనో వచ్చినట్టు లేబులు చెక్కుచెదరకుండా ఉంటే వాడుకోవచ్చు. ముందు మూత వాషరు ఊడదీసి విడిగా తోమండి, జిడ్డు దాక్కునేది అక్కడే. చెయ్యి పట్టేంత వేడి నీళ్లు 20 లీటర్లలో 200 గ్రాముల చాకలి సోడా కలిపి పోసి, మూత బిగించి దొర్లించండి. అరగంట నిలబెట్టి, అరగంట తలకిందులుగా ఉంచి, మూడుసార్లు జాడించండి. ఆపైన నిండా నీళ్లు పట్టి, 30 గ్రాముల బ్లీచింగ్ పౌడరు కలిపి, గంటాగి పారబోసి మళ్లీ కడగండి. యాసిడ్ డ్రమ్ములో మాత్రం బ్లీచింగ్ వేశారో, క్లోరిన్ గ్యాస్ లేస్తుంది.

ప్రశ్న: ఇనుప డ్రమ్మును నిలువునా కోయించి కుడితి తొట్టి చేయిద్దామనుకుంటున్నాను. వెల్డింగ్ షాపాయన గ్యాస్ కట్టర్ పెడతానంటున్నాడు. ఖాళీ డ్రమ్మే కదా, భయముందా?
– రైతు, చీపురుపల్లి

జవాబు: ఖాళీ కాబట్టే భయం. టోలుయీన్ ఆవిరి గాలిలో 1.1 శాతం ఉంటే చాలు, నిప్పు తగిలితే పేలుతుంది. 200 లీటర్ల డ్రమ్ములో అంత ఆవిరి పుట్టడానికి పది మిల్లీలీటర్లు, అంటే రెండు చెంచాలు సరిపోతాయి. బోర్లించి ఒంపినా అంచు మడతలో అంతకంటే ఎక్కువే నిలుస్తుంది. బిరడాలు తీసి నాలుగు రోజులు ఎండబెట్టినా లాభం లేదు, ఆ ఆవిరి గాలికంటే బరువు, అడుగునే కూర్చుంటుంది. ఇంజనాయిల్ డ్రమ్మని ధీమా పడకండి. కట్టర్ వేడికి జిడ్డే ఆవిరవుతుంది. గ్రైండర్ రవ్వలతోనూ ఇదే ప్రమాదం.

తిండి సరుకు వచ్చిన ప్లాస్టిక్ డ్రమ్ము తీసుకుని చేతిరంపంతో కోయండి. గేదె మూతి గీసుకోకుండా అంచును ఆకురాయితో నున్నగా రాయండి.

ప్రశ్న: జీవామృతానికి యాసిడ్ డ్రమ్ము చెరువులో కడిగి వాడుకోవచ్చా?
– పాఠకుడు, బొబ్బిలి

జవాబు: రెండూ కూడదు. మిగిలిన రసాయనం జీవామృతంలోని సూక్ష్మజీవుల్నే చంపుతుంది, కడిగిన నీళ్లు చేపల్నీ పశువుల్నీ చేరతాయి. 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం అలాంటి ఖాళీ డ్రమ్ములూ వ్యర్థాలే. వాటిని కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. అప్పటిదాకా మూత బిగించి, ఎర్ర రంగుతో ‘విషం’ అని రాసి, పిల్లలకు అందని చోట నీడలో ఉంచండి.