చాడీలు చెప్పకు అన్నాను

ప్రశ్న: టీచర్ గారూ, మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ల పెద్దమ్మ కూతురి దగ్గర తెచ్చుకుని ‘ఎ సైలెంట్ వాయిస్’ అనే జపాన్ బొమ్మల నవల చదువుతోంది. చెవులు వినపడని పిల్లని క్లాసంతా ఏడిపించే కథట. రెండు రోజులుగా ముభావంగా ఉంది. ‘అంత జరుగుతుంటే సారు ఏం చేస్తున్నాడమ్మా?’ అని ఒకటే అడుగుతోంది. పుస్తకం తీసి దాచేయనా?
- ఒక తల్లి, తెనాలి

జవాబు: దాచకండమ్మా. మా మనవరాలు ఇస్తే నేనూ చదివాను. యోషితోకి ఓయిమా 2013, 14లలో సీరియల్‌గా గీసిన కథ, 7 సంపుటాలు. మీ అమ్మాయి ఆగిన చోటే నేనూ ఆగిపోయాను.

ఆరో తరగతిలో కొత్తగా చేరిన షోకో చెవి మిషన్లను ఇషిదా అనే కుర్రాడు లాగి పారేస్తుంటాడు. 5 నెలల్లో 8 పోయాయి. వాటి ఖరీదు 17 లక్షల యెన్లు. ఎనిమిదోది పోయేదాకా క్లాసు టీచరుకు తెలియదంటే ఎలా నమ్ముతాం? ప్రిన్సిపాల్ క్లాసుకొచ్చి అడిగిన రోజున ఆ టీచరే ఇషిదాని పేరు పెట్టి నిలబెడతాడు. అంటే ముందే తెలుసు! తర్వాత పిల్లలంతా ఇషిదా మీద పడతారు. అప్పుడూ పట్టించుకోడు.

నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది సంగీతం టీచరు. మంచి మనిషి. రోజూ పొద్దున మూడు నిమిషాలు అందరం సైగల భాష నేర్చుకుందాం అంటుంది. నేర్చుకుంటానని సహారా అనే పిల్ల ఒక్కతే ముందుకొస్తుంది. మిగతావాళ్లు ఆమెనీ ఏడిపిస్తే బడికి రావడమే మానేస్తుంది. ముందుకు రమ్మన్న పెద్దలు ఆ పిల్ల వెనక నిలబడలేదు.

నేను ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. ఏడో తరగతిలో నత్తి ఉన్న పిల్లవాడు పద్యం అప్పజెప్పడానికి లేస్తే చాలు, వెనక బెంచీ వాళ్లు వాడిలాగే పలికి నవ్వేవాళ్లు. ఒకరోజు స్టాఫ్ రూము దాకా వచ్చి చెప్పాడు. నా ముందు యూనిట్ టెస్టు పేపర్ల కట్ట ఉంది. ‘చాడీలు చెప్పకూడదు నాన్నా, వెళ్లి కూర్చో’ అన్నాను. ప్రేమగానే అన్నాను. వాడు మళ్లీ రాలేదు. గొడవ సద్దుమణిగిందనుకున్నాను. ఈ పుస్తకం చదువుతున్నంతసేపూ వాడు ఆ గుమ్మంలోనే నిలబడి ఉన్నట్టనిపించింది.

మీ అమ్మాయికి క్లాసులో ఎవరో గుర్తొచ్చి ఉండొచ్చు. తన సంగతే కావచ్చు కూడా. గుచ్చి గుచ్చి అడగొద్దు. మొదటి సంపుటం మీరూ చదవండి. తర్వాత ఏ వంట దగ్గరో ‘సహారా చోట నువ్వుంటే ఏం చేసేదానివే?’ అనండి. ముందు ముందు కథలో చనిపోవాలనుకోవడం, ఆ ప్రయత్నం కూడా ఉన్నాయి. ఆ భాగాలు తన పక్కన కూర్చుని చదవండి. ముభావం తగ్గకపోతే 14416కి ఫోన్ చేయండి, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ వాళ్లు మాట్లాడతారు.

బళ్లో ఏదైనా జరుగుతోందని చెబితే, ఏ రోజు ఏం జరిగిందో రాసి హెడ్మాస్టరుకు కాగితం మీద ఇవ్వండి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. అక్కడ కదలిక లేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. జపాన్‌లో 2011లో ఒత్సు నగరంలో వేధింపులు పడ్డ 13 ఏళ్ల పిల్లవాడు చనిపోయాడు. బడివాళ్లు, విద్యాధికారులు వ్యవహరించిన తీరు మీద దేశమంతా మండిపడింది. 2013లో బళ్లలో వేధింపులు ఆపడానికే చట్టం తెచ్చారు. ఈ కథ సీరియల్‌గా మొదలైందీ ఆ ఏడాదే.

మీ అమ్మాయి ఆ సారు గురించి మళ్లీ అడుగుతుంది. ‘పాపం, ఆయనకి ఎన్ని పనులో’ అనకండి. ఆయన తప్పు చేశాడనే చెప్పండి.