గాలి ఏం కదిపింది?

చిరంజీవికి,

నీ సినిమా పాట అందింది. 'అమ్మ చీర ఆరేసిన దండెం ఊగింది' అన్న పాదం బాగుంది. మిగతా పాటలో గాలి 11 సార్లు వచ్చింది, లెక్కపెట్టాను. చల్లగాలి, పిల్లగాలి, చిరుగాలి, చాలక మలయమారుతం. అన్నీ వీచాయి. వీచి ఏం చేశాయో ఒక్క దండెం దగ్గరే తెలిసింది.

సందర్భం ఏమని రాశావు? ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, పల్నాడులో మిరప కళ్లం. అక్కడ గాలి లేస్తే ముందొచ్చేది ప్రేమ కాదు నాయనా, తుమ్ము. ఎండుమిరప ఘాటుకు కళ్లు మండుతాయి, ఆడకూలీలు మూతికి కొంగు అడ్డం కట్టుకుంటారు. అక్కడికి గంధపు చెట్ల మీది కావ్యాల గాలిని, ఆ మలయమారుతాన్ని, రప్పించావు. మూతికి కొంగు కట్టుకున్న పిల్లకి కళ్లే కనిపిస్తాయి, అవీ నీళ్లు నిండి. ఏడుస్తోందా, ఘాటెక్కిందా? నీ పాట అక్కడుంది, నువ్వు చూసుకోలేదు.

గాలి కనపడదు. అది కదిపిందే కనపడుతుంది. రావి ఆకు కాడ పొడుగు, కాస్త గాలికే అల్లాడుతుంది. తాటాకు అంత తేలిగ్గా కదలదు, కదిలితే గలగలమంటుంది. తూర్పారబట్టేవాణ్ణి చూడు. గాలి వాలు చూసుకుని నిలబడి, చేట పైకెత్తి, ధాన్యం సన్నగా జారవిడుస్తాడు. గింజ తిన్నగా కిందికి, పొల్లు పక్కకి. మధ్యలో గాలి ఆగిందా, పొల్లంతా మళ్లీ రాశిలోనే. చేట పట్టుకుని గాలి కోసం నిలబడ్డవాడి మీద ఎదురుచూపుల పాట రాయొచ్చు.

క్రియ సంగతి. 1965లో 'ఉయ్యాల జంపాల' సినిమాకి ఆరుద్ర 'కొండగాలి తిరిగింది' అన్నాడు. వీచింది అనలేదు. తిరిగింది అనేసరికి దిక్కు మారింది, పొద్దు మారింది, మనసూ మారిందేమో అనిపిస్తుంది. నీ 'వీచె'లన్నీ కొట్టేసి, ఒక్కోచోట ఏ క్రియ పడుతుందో వెతుకు.

కాకినాడ కథైతే లెక్క వేరు. పగలు నేల వేడెక్కాక సముద్రపు గాలి ఒడ్డుకొస్తుంది, రాత్రి ఎదురు తిరుగుతుంది. మే నెలలో పడమటి వేడిగాలి గట్టిగా ఉంటే సముద్రపు గాలి రావడం ఆలస్యమై ఊరంతా ఉడికిపోతుంది. అప్పుడు రాని గాలి మీద రాయాలి పల్లవి.

ఇక మాత్రలు, అంటే అక్షరాలు పలికే కాలపు కొలత. 'గాలి' 3 మాత్రలు. పిల్లగాలి, కొండగాలి, పైరగాలి 6, తిశ్రంలో, అంటే మూడేసి మాత్రల నడకలో, హాయిగా కూర్చుంటాయి. చిరుగాలి, సుడిగాలి, వడగాలి 5, ఖండానికి, అంటే అయిదేసి మాత్రల నడకకి. ఈదురుగాలి 7, తెమ్మెర 4. నీ పల్లవి తిశ్రం నడక, మూడో పాదంలో 6 మాత్రల చోట చిరుగాలి పెట్టావు. ఒక మాత్ర తక్కువ. పాడేవాడు 'చిరూగాలి' అని సాగదీస్తాడు. తప్పు నీది, తిట్లు అతనికి. పాదం చివర పొడుగు స్వరం మీద గాలి వేస్తే 'గాలీ' అవుతుంది. సాగాల్సింది 'గా', 'లి' కాదు. ఆ స్వరం 'గా' మీద పడేలా పాదం తిప్పి రాయి.

గాలి ఏం కదిపిందో చెప్పని ఈ జబ్బు నీ ఒక్కడిదే కాదులే. సెట్లో పెద్ద పంకా పెట్టి చున్నీ ఎగరేయడం మొదలయ్యాక, గాలికి మాట ఎందుకు, కరెంటు చాలనుకున్నారు. నిడివి ఎక్కువైతే ఎడిటర్ ముందు కోసేది రెండో చరణమే. కళ్లంలో పిల్లని మొదటి చరణంలోనే పెట్టు.

మలయమారుతం రాగంలో కడితే బాగుంటుందని పక్కన రాశావు. అది చక్రవాక రాగం నుంచి పుట్టింది, అందులో మధ్యమం, అంటే 'మ' స్వరం, లేదు, తెల్లవారుజామున పాడే రాగం. నీది మిట్టమధ్యాహ్నం. అయినా బాణీ గొడవ నీకెందుకు?

ఎవర్ని కలవాలి, ఎంతిస్తారు అని కూడా అడిగావు. ముందు ఆ 11 గాలుల్లో 9 తీసేసి పంపు. దండెం ఉంచు. తుమ్ము చేర్చు.